పురుషుల్లో టెస్టోస్టిరాన్ లోపం: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతం

వృషణాలు తగినంత టెస్టోస్టిరాన్ తయారుచేయలేకపోయినా, తయారుచేయమనే సంకేతం పిట్యూటరీ గ్రంథి నుంచి అందకపోయినా ఈ లోపం వస్తుంది. వైద్యులు దీన్ని హైపోగొనాడిజం అంటారు. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగస్తంభన కలగకపోవడం, గడ్డం పలచబడడం, కండ తగ్గడం, ఎముకలు గుల్లబారడం, పిల్లలు పుట్టకపోవడం దీని లక్షణాలు. ఒక్క నీరసమే ఉంటే ముందు రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు ఉన్నాయేమో చూడాలి.

పశ్చిమ నెల్లూరులో ఈ విషయం చెప్పుకునేటప్పుడు తాగే నీళ్లను పక్కన పెట్టలేం. ఉదయగిరి, వరికుంటపాడు వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసే. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం తొలి విడతలోనూ నెల్లూరు ఉంది. 1996లో ఎ.కె. సుశీల, జేతానందాని ప్రచురించిన అధ్యయనంలో, ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న 30 మంది రక్తంలో టెస్టోస్టిరాన్ ఆరోగ్యవంతుల కంటే తక్కువగా తేలింది. అవే నీళ్లు తాగుతూ పైకి ఏ జబ్బూ కనిపించని ఇంటివాళ్లలోనూ తక్కువే. చిన్న అధ్యయనం కాబట్టి ఫ్లోరైడే కారణమని దీంతో తేల్చలేం. అయినా ఈ మెట్ట ఊళ్ల నుంచి వచ్చిన రోగిని ఏ నీళ్లు తాగుతున్నావని అడగడం వైద్యుడి బాధ్యత. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ఎక్కువగా కనిపించే కారణాలు వేరు: ఊబకాయం, షుగరు, కాలేయ వ్యాధి, యుక్తవయసులో గవదబిళ్లలు వృషణాలకు సోకడం, జిమ్ముల్లో వాడే స్టెరాయిడ్లు.

టెస్టోస్టిరాన్ రక్తపరీక్ష ఉదయం 10 గంటల లోపు, పరగడుపున చేయించాలి. రెండు వేర్వేరు రోజుల్లోనూ డెసిలీటరుకు సుమారు 300 నానోగ్రాముల కంటే తక్కువ ఉండి, లక్షణాలూ ఉంటేనే లోపమని నిర్ధారిస్తారు. వృషణాలకు పిట్యూటరీ పంపే సంకేత హార్మోన్ ఎల్‌హెచ్ ఎక్కువుంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు, తక్కువుంటే పిట్యూటరీ వైపు వెతకాలి.

బరువు తగ్గి, షుగరు అదుపులోకి వస్తే కొందరిలో హార్మోన్ దానంతటదే పెరుగుతుంది. గోడల మీది ‘మగతనం’ ప్రకటనలను నమ్మి మందులు కొనడం ప్రమాదం. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు దాన్ని వేయించుకోకూడదు. వాళ్లకు వేరే మందులున్నాయి, అవి ఎండోక్రైనాలజిస్టు చూసి ఇవ్వాలి. ఇంజెక్షన్ వాడేవాళ్లకు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), ప్రోస్టేట్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయాలి. హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపుతారు.