వీధి వేశాకే ప్లాటు: లేఔట్ అనుమతి పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ నుంచి ఏ హైవే పట్టుకుని బయటికి వెళ్లినా, విజయవాడ నుంచి గుంటూరు దాకా దారి పొడుగునా చూసినా, పొలాల మధ్య రంగు పూసిన హద్దు రాళ్లు కనిపిస్తాయి. ముందు ఒక ఆర్చి, దాని మీద ‘హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్’ అనో ‘సీఆర్‌డీఏ అప్రూవ్డ్’ అనో పెద్ద అక్షరాలు ఉంటాయి. ఫలానా పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందని దాని అర్థం. ఆ ఒక్క మాటతో గజం ధర ఎక్కడికో పోతుంది. ఎల్పీ (లేఔట్ పర్మిట్) నంబరు ఉందా అని అడగడం ఇప్పుడు పల్లెటూరి రైతుకూ అలవాటైంది. సొంత పొలాన్ని ఇళ్ల స్థలాలుగా అమ్ముకోవాలంటే సర్కారు అనుమతి ఎందుకు? ‘నా భూమి, నా ఇష్టం’ అనే మాటకు మొదట అడ్డుపడింది ఎవరు?

ఆ మాటకు అడ్డు మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఇల్లు, పొలం అమ్మేటప్పుడు ఇరుగుపొరుగు వారి ఎదుట ప్రకటించాలన్న నియమం ఉంది. నగరంలో రాజమార్గాల వెడల్పు ఎంత ఉండాలో, పక్కింటి గోడకు మురుగు కాలువ ఎంత ఎడంగా ఉండాలో కూడా అందులో రాశారు. అయితే నేడు మనం చూసే దరఖాస్తు, పటం, ఫీజు, సంతకం అనే తంతుకు మూలాలు అక్కడ లేవు. వాటి కోసం పంతొమ్మిదో శతాబ్దం చివర్లోని బొంబాయికి వెళ్లాలి.

ప్లేగు, వరద

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఊరు కిక్కిరిసి పెరగడమే రోగానికి దారి అని దొరలు తేల్చి, 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. పాత ఇళ్లు తీసి రోడ్లు వేయడం, కొత్త స్థలాలను వరసగా విడగొట్టడం దాని పని. ఇంగ్లండులో 1909లో మొదటి టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. 1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ పిలుపు మీద ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ పండితుడు మన దేశానికి వచ్చి, మద్రాసు రాష్ట్రంలోని పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. ఊరిని కూలగొట్టి బాగుచేయడం తగదని, ఉన్నదాన్ని తెలుసుకుని అవసరమైనంతే కోయాలని ఆయన వాదన. బొంబాయి 1915లో, మద్రాసు 1920లో టౌన్ ప్లానింగ్ చట్టాలు చేశాయి.

బొంబాయిలో ప్లేగు చేసిన పనిని నిజాం రాజ్యంలో వరద చేసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేల మందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. దాని ఫలితమే రెండు జలాశయాలు: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నగరాన్ని తిరిగి కట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీ అంగళ్ల వరస దాని చలవే. ‘సీఐబీ క్వార్టర్స్’ అన్న పేరు పాత హైదరాబాదీల నోట ఇంకా వినిపిస్తుంది. అక్కడ సర్కారే స్థలం తీసుకుని, సర్కారే వీధులు వేసి, ఇళ్లు కట్టి ఇచ్చేది. ప్రైవేటు ఆసామి పొలాన్ని ముక్కలు చేసి అమ్మే కాలం హైదరాబాదుకు ఇంకా రాలేదు.

చట్టం అడిగింది వీధినే

అప్పటి మద్రాసు రాష్ట్రంలోని కోస్తాలో మాత్రం ఆ కాలం ముందే వచ్చింది. కాలువలు, రైలు వచ్చాక బెజవాడ, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ చుట్టూ పేటలు పుట్టుకొచ్చాయి. గుంటూరు బ్రాడీపేటలో ‘4/14’ అని చిరునామా చెబితే చాలు, నాలుగో లైనులో పద్నాలుగో అడ్డరోడ్డు అని ఎవరికైనా తెలుస్తుంది. నిలువు లైన్లు, అడ్డరోడ్లతో గళ్లు గీసినట్టు వేసిన పేట అది. ఊళ్లో అన్ని పేటలూ అంత చక్కగా రాలేదు. స్థలం అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోతే, కొన్నవాడు పక్కవాడి పెరట్లోంచి నడిచి ఇల్లు చేరాల్సిన గతి పట్టేది. ఆ తరవాత రోడ్డూ కాలువా వేయమని మునిసిపాలిటీ మీద పడేవారు. దారి లేనిచోట కాలువ ఎక్కడ వేస్తారు?

మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం 1920లో దీనికి ఒక మందు వేసింది. స్థలాన్ని ఇళ్ల కోసం ముక్కలు చేసి అమ్మే యజమాని ముందు వీధి వేయాలి. ఆ వీధి కనీసం ఒక కొసన అప్పటికే ఉన్న వీధితో కలవాలి. ఎంత వెడల్పో, ఎలా వేస్తాడో పటం గీసి మునిసిపాలిటీకి చూపించాలి. లేఔట్ అనుమతికి బీజం ఇదే. భూమి అమ్ముకోవద్దని చట్టం అనలేదు. వీధి వేయకుండా అమ్మవద్దంది. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం 1965లో దాన్ని 184, 185 సెక్షన్లుగా తీసుకుంది. వీధితో పాటు పార్కుకో, ఆటస్థలానికో, బడికో కొంత చోటు విడిచిపెట్టాలన్న మాట కూడా 184లో ఉంది.

1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టానికైతే ఆయుష్షు మరీ గట్టిది. మద్రాసు చట్టంగా పుట్టి, ఆంధ్రప్రదేశ్ చట్టమై, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ టౌన్ ప్లానింగ్ చట్టం, 1920 అన్న పేరుతో హైదరాబాదులో చెల్లుతోంది. తెలంగాణ రాష్ట్రం పుట్టింది 2014లో. దాని పేరున్న ఈ చట్టానికి వందేళ్లు దాటాయి.

పటం మీద రంగులు

వీధుల తరవాత వచ్చింది జోను. ఏ చోట ఇల్లు కట్టాలి, ఏ చోట ఫ్యాక్టరీ పెట్టాలి అని ఊరిని భాగాలుగా విడదీసే పద్ధతి 1891లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. న్యూయార్క్ 1916లో జోనింగ్ నియమాలు చేసింది. మన దగ్గర 1975 ఈ కథకు మలుపు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది, దాని కింద హైదరాబాదుకు హుడా అనే పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1978లో విశాఖకు వుడా, విజయవాడ, గుంటూరు, తెనాలికి కలిపి వీజీటీఎం ఉడా వచ్చాయి. మాస్టర్ ప్లాన్ పటంలో నివాసానికి ఒక రంగు, వ్యవసాయానికి ఒక రంగు, పరిశ్రమకు ఒక రంగు పడ్డాయి. పొలం ఎవరిదైనా, దాని మీద రంగు సర్కారుది.

రంగు మారాలంటే దరఖాస్తు పెట్టాలి, పత్రికలో ప్రకటన రావాలి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. సాధారణంగా ఆ గడువు 15 రోజులు. కాగితం మీద ఇది పొరుగువాడికి ఇచ్చిన హక్కు. ఆ ప్రకటన మన ఊరి గురించేనని చాలామందికి గడువు ముగిశాకే తెలుస్తుంది. తెలిసినప్పుడు ఏం జరుగుతుందో 2023 జనవరిలో కామారెడ్డి చూపించింది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పరిశ్రమల జోనులోకి వెళ్లాయని రైతులు రోడ్డెక్కారు. చివరకు ఆ ముసాయిదా వద్దని మునిసిపల్ కౌన్సిలే తీర్మానం చేసింది.

జోను పేరుతో ఇళ్లకు పెట్టిన అడ్డుల్లో అందరికీ తెలిసింది 111 జీవో. 1908 వరద తెచ్చిన ఆ రెండు జలాశయాల నీటిని కాపాడడానికి 1996 మార్చి 8న దాన్ని ఇచ్చారు. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో లేఔట్లకూ కట్టడాలకూ పగ్గాలు పడ్డాయి. అవుటర్ రింగ్ రోడ్డు అటువైపు ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇటువైపు రైతు చేతులు కట్టుకుని చూశాడు. పగ్గాలు ఉన్నాయని తెలిసీ కొందరు పెద్దలు ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో సర్కారు ఆ పగ్గాలను ఎత్తేస్తున్నట్టు చెప్పింది.

పంచాయతీ లేఔట్ల కాలం

ఎకరం అంటే 4,840 గజాలు. నియమం ప్రకారం వేస్తే రోడ్లకు 30 శాతం దాకా, పార్కుకూ ఖాళీ స్థలానికీ 10 శాతం పోతాయి. అమ్మడానికి 2,900 గజాలు మిగులుతాయి. అంటే 200 గజాల ప్లాట్లు పద్నాలుగు. రోడ్డును 30 అడుగుల నుంచి 20కి కుదించి, పార్కును పటంలోనే మింగేస్తే మరో నాలుగైదు ప్లాట్లు చేతికొస్తాయి. అనుమతి లేని లేఔట్లు ఊరూరా ఎందుకు పుట్టాయో చెప్పడానికి ఈ లెక్క చాలు.

దీనికి తోడైంది గ్రామ పంచాయతీ ముద్ర. చట్టం ప్రకారం ఊరి లేఔట్‌కు రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ (డీటీసీపీ) గానీ, ఉడా గానీ సాంకేతిక ఆమోదం ఇవ్వాలి, ఆ తరవాత పంచాయతీ విడుదల చేయాలి. 1990ల్లో, 2000ల్లో చాలాచోట్ల మొదటి మెట్టును వదిలేశారు. సర్పంచ్, కార్యదర్శి సంతకం చేసిన నీలం పటాన్ని చూపించి ‘పంచాయతీ అప్రూవల్’ అని అమ్మారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా అడ్డు చెప్పలేదు. స్టాంపు డ్యూటీ కట్టి, రిజిస్టరు చేయించుకుని, ఇక స్థలం తనదైపోయిందని గుమాస్తా, బడిపంతులు, ఆర్టీసీ డ్రైవరు నమ్మారు. ఇల్లు కట్టుకునే నాటికి గానీ సంగతి బయటపడలేదు. బ్యాంకు అప్పు ఇవ్వనంది, మునిసిపాలిటీ ప్లాన్ ఇవ్వనంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. అంటే ఆ అధికారం మునిసిపాలిటీ చేతికి రావాలి. ఆచరణలో పటం గీసే పనీ, ఆమోదించే పనీ ఎన్నికలు లేని అభివృద్ధి సంస్థల దగ్గరే ఉండిపోయాయి. చెత్త ఎత్తడం, వీధి దీపం, నల్లా నీళ్లు మాత్రం ఓట్లు అడిగే పంచాయతీ, మునిసిపాలిటీల నెత్తిన పడ్డాయి. తప్పు పటం ఎవరు ఒప్పుకున్నా తిట్లు తినేది వార్డు సభ్యుడే.

క్రమబద్ధీకరణ జీవోలు

ఇలా పోగుపడిన ప్లాట్లను ఏం చేయాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 డిసెంబరు 31న 902 జీవో ఇచ్చి క్రమబద్ధీకరణకు తలుపు తీసింది. ఇది ఒక్కసారికే అన్నారు. తెలంగాణ 2015లో మరోసారి తీసింది, 2020లో ఇంకోసారి తీసింది. 2020 ఆగస్టులో వచ్చిన 131 జీవోకు ప్లాటుకు వెయ్యి రూపాయల దరఖాస్తు రుసుముతో 25 లక్షలకు పైగా అర్జీలు వచ్చి పడ్డాయి. వాటిలో చాలా భాగం ఏళ్ల తరబడి కదలక, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కదిలించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరిలో తన సొంత నియమాలు తెచ్చింది.

తెలంగాణ 131 జీవో నియమాల్లో ఒకటి ఆగి చూడదగ్గది. లేఔట్‌లో పది శాతం ఖాళీ స్థలం విడవకపోతే, ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. కట్టేది ఎవరు? పార్కును మింగినవాడు కాదు, ప్లాటు కొన్నవాడు. కట్టాక ఆ కాలనీలో పార్కు వస్తుందా? రాదు, చోటు ఎప్పుడో అమ్ముడైపోయింది. వీధి వేశాకే అమ్మాలని 1920లో మొదలైన నియమం, పార్కు లేకపోయినా డబ్బు కడితే చాలన్న చోటికి వచ్చి చేరింది.

ఇవాళ్టి ఫైలు

సరిగా నడిస్తే తెలంగాణలో ఫైలు ఇలా నడుస్తుంది. ముందు పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవాలి. దీన్నే జనం నాలా అంటారు. మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోనో కాదో చూస్తారు. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోకి గానీ, బఫర్‌లోకి గానీ వచ్చిందేమో నీటిపారుదల శాఖ చెప్పాలి. అప్రోచ్ రోడ్డు కొలిచాక డ్రాఫ్ట్ లేఔట్ ఇస్తారు. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తి చేసేదాకా 15 శాతం ప్లాట్లు సంస్థకు తనఖా. పనులయ్యాక రోడ్లనూ పార్కునూ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసిస్తే ఫైనల్ లేఔట్, తనఖా విడుదల. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ ఈ తంతును తెలంగాణలో ఆన్‌లైన్‌కు ఎక్కించింది.

అమరావతిలో జరిగింది ఇదే పద్ధతికి పెద్ద రూపం. 2015 నుంచి రైతులు భూ సమీకరణ కింద వేల ఎకరాలిచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నీటి వసతి ఉన్న జరీబు ఎకరానికి 1,000, 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. భూములన్నీ కలిపి, వీధులు వేసి, మిగిలింది పంచడం 1915 నాటి బొంబాయి చట్టంలో ఉన్న ఆలోచనే. వీధులు పూర్తి కానంత కాలం ఆ గజాలు కాగితం మీద గజాలే అని రైతుకు బాగా తెలిసింది.

కాబట్టి ప్లాటు కొనేవారు ‘అప్రూవ్డ్’ అన్న బోర్డుతో ఆగిపోవద్దు. ఎల్పీ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అది డ్రాఫ్టా, ఫైనలా అడగండి. మీకు చూపిస్తున్న ప్లాటు తనఖాలో ఉన్న 15 శాతంలోది కాదని నిర్ధారించుకోండి. రోడ్డుకూ పార్కుకూ గిఫ్ట్ డీడ్ అయిందో లేదో నంబరుతో సహా అడగండి. పటం చేతబట్టుకుని ఆ పార్కు నేల మీద ఎక్కడుందో నడిచి చూడండి. పటంలో ఉన్న పార్కు నేల మీద కనిపించకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ ప్లాటు కొనకండి.