జూనియర్‌కు పని నేర్పడం దయ కాదు

పనిచోట అనుభవజ్ఞులు కొత్తవారికి పనిలోని మెళకువలు, పద్ధతులు, పరిచయాలు అందించడాన్నే మెంటరింగ్ అంటున్నారు. మాట కొత్తది, సంగతి పాతది. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం కోర్టుల్లో దీన్ని 'సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడం' అంటారు.

ఎందుకు కావాలి?

లా కాలేజీ చట్టం చెబుతుంది. వాయిదా ఎలా అడగాలి, క్రాస్‌లో ఎక్కడ ఆపాలి, ఫీజు ఎంత చెప్పాలి అనేవి మాత్రం సీనియర్ ఆఫీసులోనే తెలుస్తాయి. ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఏడాది శిక్షణ ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో తెచ్చిన నిబంధనలను సుప్రీంకోర్టు 1999లో కొట్టేసింది. అంటే చట్టప్రకారం సీనియర్ అక్కర్లేదు. కానీ సీనియర్ లేకపోతే తొలి కేసులు దొరకడమే కష్టం. తండ్రో మేనమామో ప్లీడరైతే ఈ చదువు ఇంట్లోనే వస్తుంది. కూలి ఇంటి నుంచి తొలిసారి నల్లకోటు వేసుకున్న అమ్మాయికి ఎవరు నేర్పాలి?

ఇది ఆ అమ్మాయి ఒక్కదాని సమస్య కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 15ఎ సెక్షన్ ప్రకారం బాధితులు న్యాయవాదుల సాయం తీసుకోవచ్చు. ఆ హక్కు పనికిరావాలంటే వాళ్ల పక్కన నిలబడే లాయర్లు తయారవ్వాలి.

మూడు అపోహలు

'పెద్దల అండ ఉంటే చాలు.' అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియాలో చదివి, 1917లో ఆ సంస్థానంలోనే ఉద్యోగంలో చేరారు. అయినా ప్యూన్లు ఆయన బల్ల మీదకు ఫైళ్లు విసిరారు. ఉండడానికి చోటివ్వలేదు. కొద్దిరోజులకే ఆయన వెళ్లిపోవాల్సి వచ్చింది.

'మెంటర్ ఉంటే రిజర్వేషన్ ఎందుకు?' రిజర్వేషన్ లోపలికి తీసుకెళ్లే హక్కు. మెంటరింగ్ లోపల నిలబడడానికి సాయం. ఒకటి రెండోదానికి బదులు కాదు.

'పని నేర్పుతున్నాం, డబ్బెందుకు?' జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. జీతం లేని ఏళ్లను ఆస్తి ఉన్నవాళ్లే తట్టుకుంటారు. లేనివాళ్లు నల్లకోటు విప్పేసి వేరే పని వెతుక్కుంటారు.

ఏం అడగాలి?

చేరే ముందే మూడు అడగండి: నెలకు ఎంత ఇస్తారు? వకాలత్‌లో నా పేరు ఉంటుందా? ఎప్పటి నుంచి వాదించనిస్తారు? ఏళ్లు గడిచినా ఫైళ్లు మోయించడమే తప్ప నోరు తెరవనివ్వకపోతే అది మెంటరింగ్ కాదు, వెట్టి.

కోనసీమలోని కందికుప్పలో 1939లో పుట్టిన న్యాయవాది బొజ్జా తారకం, కారంచేడు మారణకాండ తర్వాత ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలేశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాసి, లాయర్లకే తెలిసిన సంగతులను మామూలు జనం చేతికి అందించారు. మనలో ముందు బార్‌లోకి వెళ్లినవాళ్లు చేయాల్సిందీ ఇదే: తెలిసింది దాచుకోకుండా, వెనక వచ్చేవాళ్లకు చెప్పడం.