పాత కట్టడమునకు హిమాయతు

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు మార్గమున, ఇరువైపుల ఊడలు దించిన మఱ్ఱిచెట్ల నీడను కొంతదూరము సాగిన పిదప, మొయినాబాదు మండలమునందలి హిమాయత్‌నగర్ గ్రామము వచ్చును. నగరము నడిబొడ్డున ఇదే పేరుగల పేట యొకటి ప్రసిద్ధమై యుండుటచేత ఈ పల్లెమాట యెత్తినచో వినువారు ఆ పేటనే తలంతురు. పల్లె అట్లే మరుగున పడియున్నది. నన్ను ఆకర్షించినది దాని పేరు. ‘హిమాయత్’ అనునది అరబ్బీనుండి ఉర్దూలోనికి దిగిన మాట. రక్షణ, అండ, ఆదరువు అని అర్థము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసిన తరువాత, అట్టి ఉపద్రవము మరల కలుగకుండుటకై కట్టిన రెండు జలాశయములలో ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. రెండవదానికి నిజాము తన జ్యేష్ఠకుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టెను. రాజకుమారునికై పెట్టిన పేరైనను, వరదనుండి ఊరిని కాచు కట్టకు ‘రక్షణ’ యను నామము అన్ని విధముల అతికినది. అయితే ఊరిని కాచిన కట్టడములు, ఊరికి గౌరవము తెచ్చిన కట్టడములు శిథిలమగునపుడు వానికి హిమాయతు ఎవరు? ఏ సొమ్ముతో?

ఈ ప్రశ్న మన పూర్వులకు తెలియనిది కాదు. దక్కనులోని దానశాసనములను చదివినవారికి ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారము’ అను పదబంధము సుపరిచితమే. రాజుగాని, సామంతుడుగాని, వర్తకసంఘముగాని దేవాలయమునకో జైనబసదికో భూమి నిచ్చునపుడు అంగరంగభోగములకును, నైవేద్యమునకును, అఖండదీపమునకును మాత్రమే కాక, విరిగినదానిని, పగిలినదానిని బాగుచేయుటకును ఆ ఫలసాయము చెందవలెనని ముందుగనే వ్రాయించెడివారు. కట్టుచున్ననాడే కూలుటనుగూర్చి తలచిన ఆ వివేకమును మనము ఇంకను చాలినంతగా మెచ్చుకొనలేదని నా భావము. ఆ ఏర్పాటున ఏటేట అర్జీ పెట్టుకొనవలసిన పని లేదు. పొలము పండినంతకాలము గోడకు సున్నము దొరకును. మసీదులకును, సరాయిలకును, దర్గాలకును వక్ఫు ఆస్తుల ఆదాయము ఇట్లే ఆధారము. ముతవల్లీ దానికి కావలి. నిజాముల రాజ్యమున ‘ఉమూరె మజహబీ’ అను ధర్మాదాయశాఖ మసీదులతోపాటు దేవాలయముల వ్యవహారములను కూడ చూచెడిది. 1914లో పురావస్తుశాఖ యేర్పడి గులాం యజ్దానీ దానికి తొలి సంచాలకుడైన పిమ్మట, శిథిలములను బాగుచేయుట ధర్మకార్యముగానే కాక శాస్త్రవిషయముగా కూడ పరిణమించెను. అజంతాచిత్రములు చెడకుండ ఇటలీనుండి నిపుణులను రప్పించి పని చేయించినది ఆ శాఖయే. వారు పూసిన లక్కపూత కాలక్రమమున నల్లబడి, తరువాతివారికి దానిని తొలగించుటే పెద్దపనియైనది. సొమ్మును, సదుద్దేశమును ఉన్నంతమాత్రమున సంరక్షణ కాదు.

1949లో జాగీర్ల రద్దు వచ్చెను. రైతుపక్షమున అది న్యాయమే. ఆలస్యముగా జరిగిన న్యాయము కూడ. అయినను ఆ జాగీర్ల ఆదాయముమీద నిలిచియుండిన గోడల గతి యేమని ఆనాడు అడిగినవారు అరుదు. ‘పైగా’ అను జాగీర్దారువంశీయుల సమాధులే దీనికి నిదర్శనము. జాలీలయందును, గచ్చుపనియందును సాటిలేని ఆ సమాధులు, వంశమునకు ఆ భూములున్నంతకాలము శుభ్రముగా నుండి, అవి పోయిన తరువాత పెచ్చులూడి నిలిచినవి. ఒక వ్యవస్థను రద్దుచేయునపుడు అది మోయుచుండిన బరువులను ఎవరిమీద దింపవలెనో కూడ చెప్పవలసియుండును; ఆ మాట అప్పుడు చెప్పినవారు లేరు.

1960 నాటి చట్టము క్రింద రాష్ట్రపురావస్తుశాఖ కొన్నింటిని రక్షితకట్టడములుగా స్వీకరించెను. ఆ జాబితాకెక్కనివే యెక్కువ. ఊరిగుడులకు దేవాదాయశాఖవారి సర్వశ్రేయోనిధి యున్నది: ఆదాయము గల ఆలయములనుండి సేకరించినది ఆదాయము లేని ఆలయములకు చేరును, గ్రామస్థులు తమపాలు కొంత కట్టినచో మిగిలినది నిధినుండి వచ్చును. చందా వేసికొన్నవాడు పనిని కనిపెట్టియుండును గనుక ఇది మంచి పద్ధతియే. దోషమంతయు ‘జీర్ణోద్ధరణ’ యను మాటను మనవారు అర్థము చేసికొనుటలో నున్నది. పాతరాయి తీసివేసి క్రొత్తకాంక్రీటు పోయుట, శాసనముమీద ఎనామిల్ రంగు పులుముట, మండపపు నేలపై నునుపుబండలు పరచుట, ఇవియన్నియు ఆ పేరుతోనే జరుగుచున్నవి. ధనము లేక కూలిన గుడులకంటె ధనము వచ్చి రూపుమాసిన గుడులు తక్కువేమియు కావని నా అనుమానము.

ఈ మొయినాబాదు మండలమునందే ఎనికేపల్లి యను గ్రామమున 2023లో తీర్థంకరుల రూపములును, అక్షరములును చెక్కిన రెండు జైనస్తంభములు చెరువుతూమునకు అమర్చియుండగా ప్లీచ్ ఇండియా ఫౌండేషన్ పక్షమున ఈమని శివనాగిరెడ్డిగారు గుర్తించిరి. తొమ్మిది పది శతాబ్దులవని వాని కాలము నిర్ణయించిరి; శాసనములో చిలుకూరు పేరున్నది. బసది పోయినను స్తంభములు దక్కినవి, తూముకట్టినవాడు వానిని పనికివచ్చు రాళ్లుగా నెంచినందువలన! చరిత్ర ఎరుగని ఆ పనివాడు తెలియకయే వేయేండ్లనాటి రాళ్లకు హిమాయతు నిచ్చెను.

ఇటీవలి కాలమున బయటిసొమ్ము వచ్చుట మొదలైనది. గోలకొండదగ్గర కుతుబ్‌షాహీ సమాధులలో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, టాటా ట్రస్టులు మొదలగువారి తోడ్పాటుతో దశాబ్దమునకు మించి పనిచేసి, 2024లో ఆ ఆవరణమును ప్రభుత్వమునకు అప్పగించెను. అక్కడి తారామతి ప్రేమామతి సమాధులకు అమెరికా రాయబారుల సాంస్కృతికసంరక్షణ నిధినుండి 1,03,000 డాలర్లు, పైగా వంశీయుల సమాధులకు 2023లో 2,50,000 డాలర్లు లభించెను. అంతకుముందే మౌలాలీ కొండచెంత మాహ్ లఖాబాయి చందా సమాధితోట అమెరికాప్రభుత్వపు ధనసాయముతో బాగుపడినది. స్వదేశమున 1996లో ఏర్పడిన జాతీయ సంస్కృతినిధి యున్నది. 2013 నాటి కంపెనీల చట్టము పెద్దసంస్థల లాభములో నూటికి రెండుపాళ్లు సామాజికకార్యములకు వ్యయింపవలెనని విధించి, ఆ కార్యములలో చారిత్రకకట్టడముల పునరుద్ధరణను కూడ చేర్చెను. ఇన్ని ద్వారములు తెరచియుండగా లోపమేమనవచ్చును. లోపమున్నది. ఈ ధనము పేరుగలచోటికే పోవును. యాత్రికులు రాని ఊరిబురుజుమీద తన పేరు చెక్కించుకొనుటకు ఏ సంస్థయు తొందరపడదు. పైపెచ్చు 2020లో విదేశీవిరాళముల చట్టమునకు చేసిన సవరణవలన, విదేశీసొమ్ము పుచ్చుకొన్న పెద్దసంస్థ అందులో కొంతభాగమును మరియొక చిన్నసంఘమునకు పంచియిచ్చుటకు వీలులేదు.

ఇక గ్రాంటు వచ్చినదే యనుకొందము. అది సాధారణముగా వాయిదాలుగా వచ్చును. మొదటివాయిదా ఖర్చయినదని వినియోగపత్రము పంపినగాని రెండవది కదలదు. సర్కారులెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. పాతగోడకు వేయవలసిన డంగుసున్నము సంగతి వేరు. సున్నమును నీట ఊరవేసి, వారములకొలది మాగనిచ్చి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లపునీరును కరక్కాయరసమును కలిపి, పలుచని పూతలుగా వేసి, ఒక్కొక్కపూత ఆరువరకు వేచియుండవలెను. తొందరపెట్టినచో బీటలువారును. లెక్కలగుమాస్తా మార్చికి పూర్తిచేయుమనును, సున్నము కాదనును. ఈ రెంటి నడుమ నలిగిన సంఘము కడకు సిమెంటు తెచ్చి పూసి, ఫొటో తీసి పంపి, తెరపిన పడును.

ఇట్టిచోట కావలసినది దానము కాదు, అప్పు. రెండవవాయిదా వచ్చువరకు కూలీల బత్తెమునకు కొద్దిపాటి చేబదులు దొరకినను పని నిలువదు. బ్యాంకువాడు ఇయ్యడు, అతని తప్పును కాదు. దేవునిమాన్యమును, వక్ఫును, రక్షితకట్టడమును తాకట్టు పెట్టరాదు. పెట్టినను వేలము వేయరాదు. అందుచేత మనదేశమున కట్టడముల సంరక్షణచరిత్ర యంతయు దానచరిత్రయే, ఋణచరిత్ర లేదు.

ఇతరదేశములలో అది యున్నది. అమెరికాలో చార్లెస్టన్ నగరపు చరిత్రసంఘమువారు 1957లో చక్రనిధి నొకదానిని నెలకొల్పిరి: పాడుపడిన పాతయిల్లు కొని, బాగుచేసి, దాని రూపు మార్చరాదన్న షరతుతో అమ్మి, వచ్చిన ధనముతో మరియొక యింటికి పోయెడివారు. ఇంగ్లండులో 1976లో ఆర్కిటెక్చరల్ హెరిటేజ్ ఫండ్ స్థాపితమై, లాభాపేక్ష లేని ట్రస్టులకు కొలదివడ్డీతో అప్పులిచ్చుచున్నది. గుడిని మనము అమ్మజాలము, నిజమే. కాని తెలంగాణపల్లెలలో కూలుచున్న దొరలగడీలు, హవేలీలు, సరాయిలు వేఱు. అద్దెకియ్యవచ్చును, బడియో, గ్రంథాలయమో, విడిదియో చేయవచ్చును, ఆ రాబడితో అప్పు తీర్చవచ్చును. కామారెడ్డి జిల్లాలోని దోమకొండకోటను వారసుల ట్రస్టు తన ధనముతో పునరుద్ధరింపగా 2022లో యునెస్కో పురస్కారము లభించెను. అట్టి వారసులు లేని గడీలకు చక్రనిధియే వారసుడు కావలెను, జిల్లాకొక్కటి చాలును.

ఒక్కమాట. హిమాయత్‌నగర్‌కు చేరువనే యున్న చిలుకూరు బాలాజీ ఆలయమున హుండీ లేదు. భక్తులు ప్రదక్షిణములు చేసి పోవుదురు, గుడి నిలిచియున్నది. దానిని చూపి ధనముతో పనిలేదనువారు కలరు. లక్షలమంది నడిచివచ్చు గుడికి చెల్లినది ఎనికేపల్లి తూమునకు చెల్లదు.

మీ ఊరిలో జీర్ణోద్ధరణకు సొమ్ము మంజూరైనదని వినినచో, పాఠకులారా, తాపీమేస్త్రి రాకముందే పోయి గోడలమీదను, స్తంభములమీదను గల అక్షరములకు ఫొటోలు తీయించుడు. తొలగించిన రాతిని అమ్మనీయక గుడిప్రాకారములోపల ఒకమూల నిలుపుడు. పురావస్తుశాఖకు ఒక జాబు వ్రాయుడు. దీనికి గ్రాంటు అక్కరలేదు.