కొండ కట్టిన ఆనకట్ట

హరిద్వారమునుండి బదరీనాథమునకు పోవు యాత్రికులు చమోలీ దాటిన పిమ్మట, బిరహీగంగ యను ఏరు అలకనందలో కలియుచోటును చూచియు చూడనట్లే సాగిపోవుదురు. ఏటేట మన ప్రాంతమునుండి వెళ్లు వారిలోను ఆ యేటి కథ తెలిసినవారు అరుదు.

1893 సెప్టెంబరులో, గోహ్నా యను పల్లె చేరువను, కొండ పార్శ్వమొకటి విరిగి ఆ యేటి లోయలో పడెను. మూడు దినములు శిలలు దొరలుచునే యుండెను. లేచిన ధూళి మైళ్ల దూరము చెట్లపైనను నేలపైనను మంచువలె తెల్లగా పరచుకొనెను. సద్దుమణగిన పిమ్మట చూడగా, ఏటికి అడ్డముగా సుమారు 900 అడుగుల యెత్తు కట్ట యేర్పడి యుండెను. దాని వెనుక నీరు నిలువజొచ్చెను.

కొండకు అచలమని పేరు. అది మన చూపునకు మాత్రమే నిజము. వాలుపైనున్న ప్రతి రాతిని భూమ్యాకర్షణ క్రిందికి లాగుచునే యుండును. రాపిడియు, పొరల పట్టును దానిని నిలిపి యుంచును. ఈ రెంటి తూకము చెడిననాడు కొండ కదలును. కొన్ని వాలులపై మట్టి ఏడాదికి వ్రేలెడైనను జరుగదు. వంగిన చెట్ల మొదళ్లను బట్టియే ఆ కదలిక తెలియును. కాని హిమాలయములు వయసున చిన్నవి. వాని పొరలు నలిగి, పగిలి, పలుచోట్ల లోయవైపునకే ఒరగి యున్నవి. వాననీరు పగుళ్లలో దిగి, లోపల ఒత్తిడి పెంచి, రాపిడిని తగ్గించును. దిగువను ఏరు కొండపాదమును కోయుచుండును. గోహ్నాలో జరిగినదియు ఇదియే: లోయవైపు వాలిన పొరల అడుగును ఏరు తొలిచివేసెను. భూగర్భశాస్త్రజ్ఞుడు హాలండు ఆ స్థలమును పరిశీలించి నివేదిక వ్రాసెను.

ఇంజనీరు పుల్ఫర్డు కట్టను చూచి, అది వెంటనే తెగదనియు, మరుసటి వానకాలమున, ఆగస్టు నడుమ, సరస్సు నిండి నీరు పొరలినప్పుడే గండి పడుననియు లెక్కగట్టెను. ఇంచుమించు ఏడాది గడువు దొరికినదన్నమాట. అధికారులు దానిని వృథా చేయలేదు. సరస్సునుండి దిగువకు టెలిగ్రాఫు తీగ వేయించిరి. వరద ఎంతవరకు ఎక్కగలదో తెలుపు స్తంభములను కొండవాలులపై నిలిపిరి. వ్రేలాడు వంతెనలను విప్పించిరి. యాత్రికుల త్రోవను మళ్లించిరి. సరస్సు నొద్ద ఒక సైనిక ఇంజనీరు కావలి యుండెను.

1894 ఆగస్టు 25 ఉదయమున నీరు కట్టపై పొరలెను. నాటి అర్ధరాత్రి కట్ట తెగెను. కొన్ని గంటలలోనే సరస్సు మట్టము సుమారు 390 అడుగులు దిగిపోయెను. గఢ్వాలు రాజుల పూర్వపు రాజధానియైన శ్రీనగరము వరదపాలయ్యెను. అయినను మరణించినవారు ఐదుగురే. వారును, అచ్చటినుండి తరలించినను తిరిగివచ్చిన ఒక ఫకీరును అతని కుటుంబమువారును. పట్టణమును కాపాడలేకపోయిరి కాని, పట్టణవాసులను కాపాడిరి. పిదప శ్రీనగరమును మెరకనేలపై మరల కట్టిరి.

మిగిలిన సరస్సు కొండలనుండి వచ్చిన మట్టిరాళ్లతో క్రమముగా పూడి, 1970 జూలైలో వచ్చిన అలకనంద వరదలో అంతరించెను. ఆ వరదలో పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ప్రతి కొండయు ఏడాది గడువు ఇయ్యదు. 2024 జూలై 30 తెల్లవారక మునుపే కేరళలోని వయనాడులో వాలులు విరిగిపడగా, నిద్రలోనున్న పల్లెలలో రెండువందలకు పైగా జనులు మరణించిరి. అట్టిచోట కొండ కూలిన పిమ్మట లెక్క కట్టుటకు వ్యవధి యుండదు. కురియు వాననే గంటగంటకు లెక్కింపవలెను, జనులను ముందుగనే మెరకకు చేర్పవలెను. గోహ్నా నాటి ఇంజనీర్లు చేసిన పనియు ఇదియే. వారు కొండను ఆపలేదు. నీటిని లెక్కించిరి, ఆ లెక్కను నమ్మిరి, వార్తను నీటికంటె ముందు దిగువకు పంపిరి.