కమాన్ పట్టీలకి నల్లరంగే ఎందుకు?

మొన్న సెలవులకి కందకుర్తి వెళ్ళినప్పుడు మా బాపు అంబాసిడర్‌ని బాగుచేయించే పని పెట్టుకున్నాను. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే ఊరు కదా, ఏటి తేమకి కారు అడుగంతా తుప్పు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఉస్తాద్ వెనక కమాన్ పట్టీలు విప్పి, "వీటికి క్రోమ్ ఏపిద్దాం సార్, చమక్‌మని మెరుస్తయ్" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు!

తీరా యూ-బోల్టుల కింద, వాన తగలనిచోట తుడిచి చూస్తే నల్లరంగు కనబడింది. ఆ కట్ట ఎప్పుడూ విప్పలేదని మా కాక అన్నాడు, అంటే కంపెనీ రంగే అయ్యుండాలి. బంపర్లకేమో క్రోమ్, కిందేమో నలుపు. పిసినారితనమా?

కాస్త చరిత్ర చూద్దాం. అంబాసిడర్ ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3 నుంచి పుట్టింది. హిందుస్తాన్ మోటార్స్ దాన్ని 1957 నుంచి 2014 దాకా తయారుచేసింది. ముందు చక్రాలకి టార్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు. రెండూ గట్టిపరచిన స్ప్రింగు ఉక్కే.

అసలు కిటుకు ఈ ఉక్కులోనే ఉంది. ఆసిడ్‌లో ముంచిన ఇనుము పెళుసవుతుందని, దానికి కారణం హైడ్రోజనేనని డబ్ల్యు. హెచ్. జాన్సన్ 1875లోనే లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. క్రోమ్ వేయడానికి ముందు ఆసిడ్, తర్వాత కరెంటు. రెండింట్లోనూ హైడ్రోజన్ పుట్టి ఉక్కులోకి దూరుతుంది. వెంటనే సరిగ్గా వేడిచేసి వెళ్ళగొట్టకపోతే, ఒకనాడు పట్టీ చెప్పాపెట్టకుండా పుటుక్కున విరగొచ్చు. మామూలు రంగుతో ఆ బెడద లేదు.

బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అది నడిచే రోజుల్లో, చెరుకు బండ్ల మధ్య గుంతల్లోంచి బాపు ఈ కారులోనే మా ఇంటిల్లిపాదినీ తిప్పాడు. ఏ పట్టీ విరిగినా ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటోంది.

చివరికి నల్లరంగే వేయించాను. "గింత ఖర్చు పెట్టి కనబడని రంగా సార్?" అని ఉస్తాద్ నవ్వాడు. పాత కోడ్‌లో అర్థంకాని లైను కనబడితే, అదెందుకు రాశారో తెలుసుకోకుండా తీసెయ్యొద్దని మా ఆఫీసులో కొత్తవాళ్ళకి చెప్తుంటాను. ఇక్కడ నేనే ఆ తప్పు చెయ్యబోయాను!

మీ ఇంట్లో పాత బండి ఉంటే, తుప్పు గీకించే ముందు ఒక్కసారి బోల్టుల కింద చూడండి. ఒకసారి గీకేస్తే ఆ గుర్తు మళ్ళీ దొరకదు.