జాతర మైదానం నుంచి టికెట్ గేటు దాకా

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో వినోదం చాలాకాలం గుడి నీడనే పెరిగింది. అనంతగిరి కొండల్లో కొలువైన అనంతపద్మనాభస్వామికి తొలి ఏకాదశికి చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర జరుగుతాయి. ఆ కొండల్లోనే ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి గుడికీ కార్తీక మాసమంతా జనం వస్తారు. కుల్కచర్ల వైపు పాంబండ రామలింగేశ్వరుడి జాతర ఉంది. తాండూరులో భావిగి భద్రేశ్వరుడి ఉత్సవాలు ఎండలు ముదిరే వేళకు వస్తాయి. రథం కదిలే రాత్రి ఊరు నిద్రపోదు. తాండూరు తాలూకా 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా గుల్బర్గా జిల్లాలో భాగం. సరిహద్దు మారినా బంధుత్వాలు మారలేదు కాబట్టి, భద్రేశ్వరుడి జాతరలో నేటికీ తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి.

మొక్కు తీరాక మిగిలిన పొద్దంతా జాతర మైదానానిదే. పేలాలు, పుట్నాలు, ఖర్జూరాలు, మిఠాయి, గాజులు, రబ్బరు బొమ్మలు, పీకలు అమ్మే దుకాణాలు వరసగా వెలుస్తాయి. ఆ వెనకాల రంగుల రాట్నం, జెయింట్ వీల్, గుండ్రటి చెక్కగోడల లోపల మోటారు సైకిల్ తిప్పే మృత్యుబావి ఉంటాయి. మనుషులను ఎక్కించుకొని తిరిగే చక్రం ఈ నేలకు గానీ, ఇంకే ఒక్క దేశానికి గానీ సొంతమైంది కాదు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1620లో నేటి బల్గేరియా ప్రాంతంలో చేత్తో తిప్పే చెక్క చక్రాలను చూసి రాసిపెట్టాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఉక్కు చక్రం నిలబెట్టాడు. మన జాతరల్లోని ఇనుప చక్రం దానికి చిన్న తమ్ముడు. చేతులతో తోసే చెక్క రాట్నం పోయి డీజిల్ ఇంజను మీద నడిచే చక్రం రావడంతో జాతర వినోదం సంచార వ్యాపారంగా బలపడింది.

ఆ వ్యాపారం నడిచే తీరు తెలిస్తే తరువాతి కాలపు పార్కుల కథ సులువుగా అర్థమవుతుంది. జాతర స్థలంలో దుకాణం పెట్టుకునే హక్కును, రుసుము వసూలు చేసే హక్కును వేలం వేస్తారు. తెలంగాణ ఊళ్లలో అంగడి రుసుముకు తైబజార్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. కొబ్బరికాయలు అమ్మే హక్కుకు ఒక వేలం, తలనీలాలకు మరొకటి. రాట్నం యజమాని స్థలానికి కిరాయి కట్టి, లారీల్లో ఇనుప సామాను దింపి, బిగించి, ఆ నాలుగు రోజుల్లోనే పెట్టుబడి రాబట్టుకోవాలి. వాన పడితే ఆ ఏటి రాబడి పోయినట్టే. జాతర ముగియగానే సామాను విప్పుకొని మరో జాతరకు బయలుదేరాలి. ఎక్కిన ప్రతిసారీ ఒక టికెట్, ఆట ముగిస్తే లెక్క ముగిసింది.

జాతరకు గేటు లేదు. చేతిలో పైస లేనివాడు కూడా లోపలికి వస్తాడు, చక్రం తిరుగుతుంటే కింద నిలబడి చూస్తాడు, మృత్యుబావి మోత వింటాడు. ఈ ప్రాంతపు కూలీల పిల్లలకు, నాపరాతి గనుల్లో పనిచేసే కుటుంబాలకు జాతర అంతగా దగ్గరవడానికి ఇది పెద్ద కారణం. దీనికి మరో వైపూ ఉంది. గేటు లేనిచోట వచ్చినవాళ్లను లెక్కపెట్టేవారు ఉండరు. రాబడి వందమంది చేతుల్లోకి చెదిరిపోతుంది, బాధ్యత కూడా అలాగే చెదురుతుంది. తాగునీరు, మరుగుదొడ్డి, చక్రం బోల్టుల బిగింపు ఎవరి పని అన్నది ప్రతి జాతరకూ కొత్తగా తేల్చుకోవలసిన సంగతి. థీమ్ పార్కు అనే వ్యాపారం సరిగ్గా ఈ ఖాళీలోనే పుట్టింది.

అంతకంటే ముందు రైలు వచ్చింది. వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యపు రైలుమార్గం 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారిలోనివే. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ ప్రధానమంత్రిగా పనిచేసిన పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మీదుగానే వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది. ఫలక్‌నుమా భవనం కట్టించింది ఆయనే. తరువాత బీదర్, పర్లి వైపు దారి చీలడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. తాండూరు నాపరాళ్లు, కందులు ఈ దారిన బయటి ఊళ్లకు పోయాయి. మనుషులేమో పనికీ చదువుకీ దవాఖానకీ హైదరాబాద్ పట్నం బాట పట్టారు, కొద్ది కాలానికి వినోదానికి కూడా.

ఆ వినోదానికి చిరునామా నాంపల్లి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక పరిశ్రమల వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించాడు. అదే నుమాయిష్. 1946లో అది నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. తాండూరు, వికారాబాద్ నుంచి హైదరాబాద్ స్టేషన్‌లో దిగినవాళ్లకు అది నడిచిపోయేంత దూరం. ఈ దగ్గరితనం చిన్న విషయం కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ రైళ్లలో పట్నం పోయే కుటుంబాలకు నుమాయిష్ ఏటేటా వచ్చే పండుగ అయింది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ బట్టలు, పిల్లల రైలు, జెయింట్ వీల్ అన్నీ ఒకే ప్రహరీ లోపల దొరుకుతాయి.

జాతరకూ పార్కుకూ నడిమి మెట్టు నుమాయిషే. దానికి గేటు ఉంది, ప్రవేశ టికెట్ ఉంది, లోపల మళ్లీ ఆటకొక టికెట్ ఉంది. తేదీలు, వేళలు ముందే ఖరారవుతాయి. జాతరలో లేని మరో గుణమూ దీనికి ఉంది. వచ్చిన రాబడితో, దాన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. ఒక వినోద ప్రదర్శన ఇన్ని తరాల ఆడపిల్లల చదువుకు ఆసరా కావడం దేశంలో అరుదైన సంగతి, దానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. 2019 జనవరిలో మైదానంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వందలాది దుకాణాలు కాలిపోయాయి. కిక్కిరిసిన తాత్కాలిక దుకాణాల ప్రమాదం ఎంతటిదో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

శాశ్వత పార్కు ఆలోచన మనకు బయటి నుంచే వచ్చింది. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో 1955 జూలై 17న తెరుచుకున్న డిస్నీలాండ్ వినోద స్థలానికి ఒక కథ, ఒక రూపకల్పన, ఒకే యాజమాన్యం తెచ్చింది. విచిత్రమేమిటంటే అది కూడా చాలాకాలం మన జాతర పద్ధతిలోనే, ఆటకొక టికెట్ చొప్పున నడిచింది. రకరకాల తరగతుల కూపన్ల పుస్తకాలు అమ్మేవారు. ఆ పద్ధతి 1982లో గానీ పోలేదు. గేటు దగ్గర ఒకసారి డబ్బు కట్టి రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కే పద్ధతి ఆ తరువాతే అక్కడ పూర్తిగా స్థిరపడింది. భారతదేశంలో ఢిల్లీ అప్పూ ఘర్ 1984లో, ముంబయి ఎస్సెల్ వరల్డ్ 1989లో మొదలయ్యాయి.

హైదరాబాద్ చుట్టూ 1990ల తరువాత వరసగా ఇలాంటి స్థలాలు వచ్చాయి. విజయవాడ దారిలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ వాటిలో ప్రత్యేకం. సినిమా చిత్రీకరణ కోసం కట్టిన వీధులు, రాజమహళ్లు, రైల్వే స్టేషన్ జనానికి చూపించే వస్తువులుగా మారాయి. ప్రపంచంలో అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా అది గిన్నిస్ పుస్తకంలో చేరింది. గండిపేట వైపు ఓషన్ పార్క్ అనే నీళ్ల పార్కు వచ్చింది. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ మొదలై ఎండాకాలంలోనూ మంచు చూపించింది. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా తెరుచుకుంది. కొచ్చిలో 2000లో వీగాలాండ్‌తో, బెంగళూరులో 2005లో వండర్‌లాతో అనుభవం గడించిన కేరళ వ్యాపారి కొచ్చౌసేప్ చిట్టిలప్పిళ్లి స్థాపించిన సంస్థ అది. ఔటర్ రింగ్ రోడ్డు లేకుంటే ఆ పార్కు వికారాబాద్ వాళ్లకు చాలా దూరమయ్యేది. ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ దాటి అప్పా జంక్షన్ దగ్గర రింగు రోడ్డెక్కితే, శంషాబాద్ మీదుగా రావిర్యాల చేరవచ్చు.

పెద్ద పార్కు జమాఖర్చు జాతర రాట్నం లెక్కకు తలకిందులుగా ఉంటుంది. భూమికి, యంత్రాలకు అయ్యే ఖర్చంతా మొదటిరోజుకు ముందే అయిపోతుంది. రోలర్ కోస్టర్ ఖాళీగా తిరిగినా నిండుగా తిరిగినా నడిపించే ఖర్చు ఇంచుమించు ఒక్కటే. కాబట్టి గేటు దాటే ప్రతి అదనపు మనిషీ లాభమే. జనం తగ్గిన వారపు రోజుల్లో టికెట్ ధర తగ్గించడం, బడి పిల్లల గుంపులకు రాయితీ ఇవ్వడం, క్యూలో నిలబడలేనివారికి ఎక్కువ ధరకు తొందర టికెట్ అమ్మడం ఈ లెక్కలోంచి వచ్చినవే. తిండి, లాకర్లు, నీళ్ల ఆటలకు తగిన బట్టలు, ఫొటోలు గేటు తరువాతి రాబడి. బయటి తిండి లోపలికి రానివ్వకపోవడం కూడా అందుకే. సద్ది కట్టుకొని జాతరకు పోయే అలవాటున్న కుటుంబాలకు మింగుడుపడని నియమం అదొక్కటే. పన్ను కూడా ఈ వ్యాపారాన్ని బాగా కుదిపింది. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు పార్కుల ప్రవేశంపై 28 శాతం వేశారు, 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. కరోనా కాలంలో మూతపడినప్పుడు ఖరీదైన యంత్రాలను వాడకపోయినా కాపాడుకోవలసి వచ్చింది. విప్పుకొని మరో ఊరికి పోయే వీలు పార్కుకు లేదు.

వికారాబాద్, తాండూరు పిల్లల్లో చాలామందికి పార్కు తొలిసారి కనిపించేది బడి విహారయాత్రలో. తెల్లవారుజామున బస్సు కదులుతుంది. గేటు దగ్గర తలలు లెక్కపెడతారు, చేతికి పట్టీ కడతారు. ఆట దగ్గర గోడ మీద గీసిన ఎత్తు గీత కంటే పొట్టిగా ఉన్న పిల్లవాడిని పక్కన నిలబెడతారు. అప్పుడు వాడికి కోపం వచ్చినా, జాతర చక్రం దగ్గర ఏనాడూ లేని ఆ గీతే పార్కు చేసిన అసలైన మేలు. బోల్టులు రోజూ పరీక్షించే మనిషి, నీటిని వడపోసే యంత్రం, కొలను ఒడ్డున ఈల పట్టుకొని నిలబడిన కాపలాదారు టికెట్ ధరలో కలిసే ఉంటారు. ఒక కుటుంబమంతా పోవాలంటే మాత్రం కూలీ ఇంటికి అది చాలా రోజుల సంపాదన.

ఇన్ని పార్కులు నగరానికి తూర్పునా దక్షిణానా వెలిసినా, గండిపేట దాటాక పడమటి దారి చాలాకాలం ఖాళీగా ఉండటానికి ఒక కారణం నీళ్లు. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ జలాశయాల్లోకి నీరు తెచ్చే నేలను కాపాడటానికి 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చి 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు కళ్లెం వేసింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు సడలించింది. పట్నం వినోదం కొండ దాకా పాకకుండా పాతికేళ్లు ఆపిన ఆ ఉత్తర్వు, వికారాబాద్ అడవికి పరోక్షంగా కంచెలా పనిచేసింది.

ఈలోగా ప్రయాణం దిశ తిరిగింది. నిన్నటిదాకా వికారాబాద్ జనం వినోదానికి పట్నం పోయేవారు. ఇప్పుడు శనివారం వస్తే పట్నం జనమే చేవెళ్ల మర్రిచెట్ల దారిలో కొండకు వస్తున్నారు. నిజానికి అనంతగిరి గాలికి పేరు కొత్తది కాదు. ఇక్కడి క్షయరోగుల దవాఖాన ఆ గాలిని నమ్ముకొని కట్టిందే. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడిన తరువాత పర్యాటకం జిల్లా సొంత ప్రణాళికల్లో భాగమైంది. పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టుకు తోడు ప్రైవేటు రిసార్టులు లేచాయి. కోట్‌పల్లి జలాశయంలో స్థానిక యువకులు కయాకింగ్ పడవలు నడిపి ఉపాధి వెతుక్కున్నారు. ఇక్కడ అమ్మే సరుకు యంత్రం కాదు. వాన, పొగమంచు, చెట్లు, నీళ్లు అమ్ముతారు. రోలర్ కోస్టర్ అరిగితే కొత్తది తెచ్చుకోవచ్చు, అడవి అలా కాదు. కాబట్టి ఎంతమందిని రానివ్వాలన్న ప్రశ్న పార్కు కంటే కొండకే ఎక్కువ ముఖ్యం.

కేంద్ర పర్యాటక శాఖ స్వదేశ్ దర్శన్ 2.0 పథకానికి తెలంగాణ నుంచి భువనగిరి కోటతో పాటు అనంతగిరిని ఎంపిక చేసింది. ప్రకృతి పర్యాటక కేంద్రంగా దాన్ని తీర్చిదిద్దడం ఆ పథకం లక్ష్యం. ఈ పనుల్లో గేటు ఎక్కడ పెడతారు, రుసుము ఎవరికి పోతుంది, వాహనాలు ఎక్కడ ఆగుతాయి, మురుగునీరు ఎటు పారుతుంది అన్నవి జాతర నాడు ఎవరూ తేల్చని ప్రశ్నలే. కార్తీకంలో స్వామి దర్శనానికి కాలినడకన వచ్చే పల్లెజనానికి, వారాంతంలో కార్లలో వచ్చే పట్నం కుటుంబాలకు ఆ కొండదారి ఒక్కటే. ఇద్దరి రాకనూ లెక్కలోకి తీసుకొని గీసిన పటమే ఇక్కడ పనికొస్తుంది.