హీరో కప్ తీర్పులో ప్రేక్షకుడి వాటా

మన క్రికెట్ అభిమాని చానళ్లకు ఖాతాదారుగా మారిన తీరును వివరించేవారు 1983 లార్డ్స్ విజయంతో మొదలుపెట్టి, ఒక్క అంగలో 2008 ఐపీఎల్‌కు చేరుకుంటారు. గెలిచిన జట్టుకు ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బులేక లతా మంగేష్కర్ కచేరీతో నిధులు కూడబెట్టడం, 1987 ప్రపంచ కప్పు రిలయన్స్ పేరు పెట్టుకోవడం అందరికీ తెలిసిన సంగతులే. వాటి దగ్గర ఆగనక్కర్లేదు. ఐపీఎల్ డబ్బే అభిమానిని మార్చిందన్న వాదనతోనే నాకు పేచీ. చూసేవాడికీ ప్రసార హక్కుకూ ఉండాల్సిన సంబంధం 1993–95 మధ్య కోర్టులో తేలింది. తేలినదాన్ని సగమే అమలు చేసుకున్నాం.

అప్పటిదాకా మ్యాచ్ చూపించాలంటే నిర్వాహకులే తనకు రుసుము కట్టాలన్నది దూరదర్శన్ ధోరణి. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ హక్కులను ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్‌కు అమ్మింది. ప్రభుత్వం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని అడ్డం పెట్టింది. ఆ సంస్థ పరికరాలను కస్టమ్స్ అధికారులు ఆపేశారు. తగాదా కలకత్తా హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకెక్కింది. జస్టిస్ సావంత్, జస్టిస్ మోహన్, జస్టిస్ జీవన్ రెడ్డిల ధర్మాసనం 1995 ఫిబ్రవరి 9న వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పు చెప్పింది. దీన్ని ప్రైవేటు చానళ్లకు తలుపు తెరిచిన తీర్పుగా చదవడం అలవాటైపోయింది. కానీ తెలుగువాడైన జీవన్ రెడ్డి విడిగా రాసిన అభిప్రాయంలో, ప్రైవేటు ప్రసారం పౌరుల వాక్ స్వేచ్ఛకు ప్రభుత్వ ప్రసారం కన్నా ఎక్కువ చేటు చేయవచ్చని హెచ్చరించారు. తరంగాలను అదుపు చేసే స్వతంత్ర ప్రజా సంస్థను నెలకొల్పమని ధర్మాసనం కేంద్రాన్ని ఆదేశించింది కూడా. 1997లో వచ్చిన ప్రసార బిల్లు చట్టం కాలేదు. అదే ఏడాది అమల్లోకొచ్చిన ప్రసార భారతి దూరదర్శన్, ఆకాశవాణులకే పరిమితమైంది. 2004లో కేబుల్ రంగం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కిందికి వచ్చిన మాట నిజమే. అయితే దాని పని ఎక్కువగా ధరల చుట్టూ, చానళ్లకూ కేబుల్ ఆపరేటర్లకూ మధ్య లావాదేవీల చుట్టూ తిరిగింది.

తీర్పు రాకపోయినా ఉపగ్రహ చానళ్లు ఆగేవి కావనేవారున్నారు. ఒప్పుకుంటాను, స్టార్ 1991లోనే వచ్చేసింది. డబ్బు రాకను ఏ కోర్టూ ఆపలేదు. ఏ షరతులమీద రావాలో మాత్రం చట్టం నిర్ణయించగలదు. 2007లో ఆ ప్రయత్నం ఒకటి జరిగింది. వెస్టిండీస్‌తో వన్డేల ప్రత్యక్ష ప్రసారం దూరదర్శన్‌కు దక్కక గొడవైనాక, జాతీయ ప్రాముఖ్యం గల మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాల్సిందేనని చట్టం చేశారు. పదేళ్లకు, 2017లో, ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకూ ఫ్రీ డిష్‌కూ మాత్రమేనని, కేబుల్ వారికి చేరకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. కోట్లు పోసి హక్కు కొన్నవారి నష్టం దృష్ట్యా అది సబబే కావచ్చు. కానీ కేబుల్ పెట్టుకున్న ఇంట్లో ఉచిత మ్యాచ్‌కు దారి మూసుకుపోయింది. ఈ వాదోపవాదాల్లో బోర్డు ఉంది, చానల్ ఉంది, సర్కారు ఉంది. చూసేవారి తరఫున నిలబడాల్సిన ఆ స్వతంత్ర సంస్థే పుట్టలేదు.

డబ్బు మేలు చేయలేదని నేననను. దేశవాళీ ఆటగాడి ఇల్లు గడుస్తోంది, మన భాషలో వ్యాఖ్యానం వినిపిస్తోంది. మహిళల లీగ్ తొలి ఐదేళ్ల హక్కులు 951 కోట్లు పలికాయి. ఐపీఎల్‌కు 2022లో ఐదేళ్లకు 48,390 కోట్లు వచ్చాయి. టీవీ ఒక సంస్థకూ, డిజిటల్ మరో సంస్థకూ దక్కాయి. దాంతో 2023లో జియోసినిమా మ్యాచ్‌లన్నీ ఉచితంగా చూపించింది. మార్కెట్టే అభిమానికి న్యాయం చేస్తుందనడానికి దీన్నే రుజువుగా చూపిస్తుంటారు. 2024 నవంబరులో ఆ రెండు సంస్థల వ్యాపారాలూ ఒక్కటయ్యాయి. 2025 ఐపీఎల్‌కు జియోహాట్‌స్టార్ చందా అడిగింది. అంటే ఆ ఉచితం ఇద్దరు వ్యాపారుల పోటీలో పుట్టి, పోటీతోనే పోయింది. ఒకప్పుడు దూరదర్శన్ చేతిలో ఉన్న గుత్తాధిపత్యం ఇప్పుడు దాదాపుగా ఒక కంపెనీ చేతికి మారింది. అప్పటి గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించడానికి పార్లమెంటైనా ఉండేది. కేబుల్, డీటీహెచ్ కాలానికి రాసిన 2007 చట్టాన్ని ఫోన్ తెరకు తగినట్టు తిరగరాసి, 1995లో ఆదేశించిన స్వతంత్ర సంస్థను ఇప్పటికైనా నెలకొల్పి, 2027లో ఐపీఎల్ హక్కుల గడువు ముగిసేలోగా వేలం షరతుల్లో ప్రేక్షకుడి వాటా ఎంతో దానిచేత రాయించాలి.